మిషన్ ఎక్కే ముందు

అమ్మలూ,

నీ ఉత్తరం చేరింది. ఆసుపత్రిలో ట్రైనింగ్ మొదలైందనీ, ఓపీలో మొదటి వారమే పేషెంట్లు అడిగిన ప్రశ్నకి తడబడ్డాననీ రాశావు. "బరువు ఎన్నాళ్ళకోసారి చూసుకోవాలమ్మా?" అని వాళ్ళు అడుగుతున్నారు. ఒక మేడమ్ రోజూ చూసుకోమంటారు, ఇంకొకరు వారానికోసారి చాలంటారు, ఏది నిజం అత్తా అన్నావు. దాని కిందే మాటవరసకి అన్నట్టు ఇంకో సంగతి రాశావు. హాస్టల్ గదిలో నలుగురూ కలిసి డిజిటల్ మిషన్ కొన్నారని, పొద్దున లేవగానే ఒకసారి, కాలేజీ నుంచి రాగానే ఒకసారి, పడుకోబోయే ముందు ఒకసారి ఎక్కుతున్నావని, అంకె పెరిగిన రాత్రి మెస్సుకి వెళ్ళబుద్ధి కావడం లేదని.

నాకు ఆ రెండో సంగతే ముఖ్యం. అయినా మొదటి ప్రశ్నతోనే మొదలుపెడతాను. ఒంటి బరువు ఎందుకు, ఎలా మారుతుందో సరిగ్గా తెలిస్తే, నీ రాత్రి భోజనం మీద ఆ అంకెకి ఏ హక్కూ లేదని నీకే అర్థమవుతుంది.

మనం ఎక్కగానే మిషన్ కాళ్ళ దగ్గరున్న సెన్సర్లు వెంట్రుకవాసి వంగుతాయి. ఆ వంపుని బట్టి అంకె పడుతుంది. దానికి తెలిసింది అంతే. ఎముక, కండ, కొవ్వు, రక్తం, పేగుల్లో ఇంకా అరగని నిన్నటి భోజనం, ఇప్పుడే తాగిన మంచినీళ్ళు, అన్నీ కలిపి ఒక్క అంకె. గ్లాసు నీళ్ళు తాగి ఎక్కితే పావుకిలో పెరుగుతావు. పరుపు మీదో పట్టా మీదో పెట్టి ఎక్కితే ఆ అంకె కూడా తప్పే. గచ్చు నేల మీదో టైల్స్ మీదో, సమంగా ఉన్నచోట పెట్టాలి.

ఉప్పు సంగతి చూడు. మన ఒంట్లోని ద్రవంలో లీటరుకి సుమారు 9 గ్రాముల ఉప్పు ఉండేలా శరీరం కాచుకుంటుంది. మీ వార్డులో ఎక్కించే సెలైన్ కూడా ఆ లెక్కన తయారైనదే. ఆదివారం ఆవకాయన్నం, అప్పడాలు, సాయంత్రం మిరపకాయ బజ్జీలు తిన్నావనుకో. మామూలు కంటే నాలుగైదు గ్రాముల ఉప్పు ఎక్కువ పడుతుంది. దాహం వేస్తుంది, నీళ్ళు తాగుతావు. ఆ ఉప్పుని మూత్రపిండాలు బయటికి పంపేదాకా అర లీటరు నీళ్ళు ఒంట్లోనే నిలుస్తాయి. సోమవారం పొద్దున అరకిలో పెరిగిందని నువ్వు దిగులు పడేది ఆ నీళ్ళని చూసి.

అన్నం కథ ఇంకా పెద్దది. తిన్న పిండిపదార్థంలో కొంత గ్లైకోజన్‌గా మారి కాలేయంలోనూ కండరాల్లోనూ నిల్వ ఉంటుందని నువ్వు మొదటి సంవత్సరంలోనే చదివి ఉంటావు. పెద్దవాళ్ళలో అదంతా కలిపి సుమారు అరకిలో. ప్రతి గ్రాము గ్లైకోజన్‌తో పాటు దాదాపు 3 గ్రాముల నీళ్ళు కూడా నిల్వ ఉంటాయి. కాబట్టి ఆ నిల్వ ఖాళీ అయితే కొవ్వు కరిగినా కరగకపోయినా రెండు కిలోల దాకా బరువు పడిపోతుంది. అన్నం పూర్తిగా మానేసే డైట్లలో మొదటి వారం వచ్చే సంబరమంతా ఇదే. పండగ రోజు పులిహోర, బూరెలు తినగానే మళ్ళీ పెరిగిపోయామని ఏడ్చేదీ ఈ నీళ్ళ గురించే. శివరాత్రి ఉపవాసం ఉన్న మర్నాడు తగ్గిన బరువు కూడా ఈ కోవలోదే.

ఇక కొవ్వు. ఒక కిలో కొవ్వు చేరాలంటే ఒళ్ళు ఖర్చు పెట్టినదానికంటే సుమారు 7,700 కిలో క్యాలరీలు ఎక్కువ తినాలి. నీ వయసు పిల్లకి రోజు మొత్తానికి కావలసింది 2,000 చుట్టుపక్కల. అంటే ఆ రోజు తిండి కాకుండా ఇంకో నాలుగు రోజుల తిండి ఒక్కరోజులో తినాలి. అది మామూలు మనిషి వల్ల అయ్యే పని కాదు. రాత్రికి రాత్రి పెరిగిన కిలో కొవ్వు కాదని ఈ ఒక్క లెక్కతో తేలిపోతుంది. నెలసరి దగ్గరపడిన రోజుల్లో చాలామంది ఆడవాళ్ళకి అరకిలో నుంచి కిలో దాకా, కొందరికి అంతకంటే ఎక్కువ నీరు చేరుతుంది, తర్వాత పోతుంది. అందుకే ఆడపేషెంట్లకి బరువు చూస్తే, పోయిన నెల ఇదే రోజుల్లో ఎంత ఉందో దానితో పోల్చమని చెప్పు.

ఈ సంగతులన్నీ ఇప్పుడు తెలిసినవి అనుకోకు. ఇటలీలో పాదువా విశ్వవిద్యాలయంలో పాఠాలు చెప్పిన శాంటోరియో అనే వైద్యుడు పెద్ద కాటాకి కుర్చీ వేలాడదీసి, అందులో కూర్చుని, తిన్నదీ తాగిందీ విసర్జించిందీ అన్నీ తూచుకుంటూ ఏళ్ళ తరబడి గడిపాడు. 1614లో దాని మీద పుస్తకం వేశాడు. తిన్నదీ తాగిందీ ఎనిమిది పాళ్ళయితే, అందులో అయిదు పాళ్ళ దాకా కంటికి కనపడకుండా ఒంట్లోంచి వెళ్ళిపోతున్నాయని ఆయన లెక్క. చర్మం నుంచి, ఊపిరి నుంచి వెళ్ళే ఆవిరి అది. నాలుగు వందల ఏళ్ళ తర్వాత, 2014లో, మీర్మన్, బ్రౌన్ అనే ఇద్దరు ఆస్ట్రేలియా శాస్త్రజ్ఞులు ఇంకో లెక్క వేసి చూపించారు. పది కిలోల కొవ్వు కరిగితే 8.4 కిలోలు బొగ్గుపులుసు గాలిగా ఊపిరితోనే బయటికి పోతుంది, మిగిలిన 1.6 కిలోలు నీళ్ళవుతుంది. నాకు ఈ లెక్క చాలా ఇష్టం. బరువు తగ్గడం అంటే చెమట కక్కడమే అనుకుని మే నెల ఎండలో ప్లాస్టిక్ జాకెట్లు వేసుకుని పరిగెత్తే కుర్రాళ్ళకి ఇది తప్పకుండా చెప్పు. చెమటతో పోయేది నీళ్ళు. రెండు గ్లాసులు తాగితే తిరిగి వస్తాయి. వడదెబ్బ తగిలితే ప్రాణమే పోవచ్చు.

ఇప్పుడు మీ మేడమ్‌ల తగువుకి వద్దాం. వారానికోసారి అనే సలహా మెత్తగా వినపడుతుంది కాబట్టి అందరూ అదే ఇస్తారు. అందులో ఒక చిక్కుంది, విను. ఒకావిడ రోజూ చూసుకుందనుకో. మొదటి వారం 62.3, 61.8, 62.1, 61.6, 62.4, 61.9, 61.9. సగటు 62. రెండో వారం 61.9, 62.3, 61.5, 61.4, 61.8, 61.6, 61.4. సగటు 61.7. వారంలో మూడు వందల గ్రాములు తగ్గింది, చక్కటి వేగం. అదే ఆవిడ వారానికి ఒక్కసారి చూసుకుని ఉంటే? మొదటి వారం 61.6 పడిన రోజునా, రెండో వారం 62.3 పడిన రోజునా మిషన్ ఎక్కిందంటే, కడుపు కట్టుకుని ఏడు వందల గ్రాములు పెరిగానని ఇంటికెళ్ళి ఏడుస్తుంది. ఇంకోటి కూడా నేను ఓపీలో ఎప్పుడూ చూసేదాన్ని. వారానికి ఒకటే రోజు కాబట్టి ముందురోజు రాత్రి అన్నం మానేసి, నీళ్ళు కూడా తగ్గించి వచ్చేవాళ్ళు. వారమంతా పెట్టుకున్న ఆశ ఆ ఒక్క పొద్దు మీద పడుతుంది.

కాబట్టి నా మాట ఇది. అంకె చూసి, పుస్తకంలో రాసుకుని, వంటింట్లోకి వెళ్ళి తన పని తాను చూసుకోగలిగిన మనిషి రోజూ చూసుకోవచ్చు. పొద్దున, మరుగుదొడ్డికి వెళ్ళొచ్చాక, కాఫీ తాగకముందు, రోజూ ఒకేలాంటి బట్టలతోనే. చూడాల్సింది ఏ రోజు అంకెనీ కాదు, వారం సగటుని. అంకె చూడగానే గుండె దడదడలాడే మనిషికి రోజూ వద్దు, వారానికోసారీ వద్దు. ఆవిడకి నడుము చుట్టుకొలత, షుగరు రిపోర్టు, మెట్లెక్కితే వచ్చే ఆయాసం, ఇవి చాలు. ఓపీకి వచ్చినప్పుడు మనమే చూసి రాసుకుందాం.

తరచూ చూసుకోవడం వల్ల లాభమే లేదనుకోకు. అమెరికాలో 1994లో రీనా వింగ్, జేమ్స్ హిల్ అనే ఇద్దరు, కనీసం 13.6 కిలోలు తగ్గి ఏడాది పైగా మళ్ళీ పెరగకుండా ఉన్నవాళ్ళ వివరాలు రాసిపెట్టడం మొదలుపెట్టారు. వాళ్ళలో నాలుగింట మూడు వంతులమంది వారానికి ఒకసారైనా బరువు చూసుకునేవాళ్ళే. ఆ తర్వాత 2006లో వింగ్ బృందం, అప్పటికే బరువు తగ్గిన 314 మంది మీద చేసిన పరీక్ష ఫలితాలు బయటపెట్టింది. బరువు 1.4 కిలోలకి మించి పెరగనంతకాలం ఆకుపచ్చ, 2.3 కిలోలు దాటితే ఎరుపు, మధ్యలో పసుపు. ఎరుపులోకి వస్తే ఏం చేయాలో ముందే నేర్పారు. ఏడాదిన్నర తర్వాత చూస్తే, ఉత్తి సలహా పత్రాలు అందుకున్నవాళ్ళలో నూటికి 72 మంది 2.3 కిలోలు, అంతకంటే ఎక్కువ పెరిగారు. మనుషులతో ముఖాముఖీ కూర్చుని నేర్చుకున్నవాళ్ళలో 46 మంది. నేను ఇందులోంచి తీసుకున్నది ఏమిటంటే, వాళ్ళకి ఉపయోగపడింది ఉత్తి అంకె కాదు. అంకె మారితే ఏం చేయాలో ముందే తెలియడం, పక్కన అడగడానికి ఒక మనిషి ఉండడం. చేసేదేమీ లేనప్పుడు చూసిన అంకె మనసుకి బరువు తప్ప ఇంకేమీ ఇవ్వదు.

కొందరి విషయంలో మాత్రం మనసుకి ఎలా ఉందని అడగడానికి వీల్లేదు. గుండె బలహీనపడిన పేషెంటు ప్రతి పొద్దునా బరువు చూసుకుని తీరాలి. మూడు రోజుల్లో రెండు కిలోలు పెరిగితే ఒంట్లో నీరు చేరుతోందని అర్థం, కాళ్ళు వాచి ఆయాసం వచ్చేదాకా ఆగకుండా డాక్టరుకి ఫోన్ చేయాలి. డయాలసిస్ చేయించుకునేవాళ్ళకి రెండు సార్ల మధ్య పెరిగిన బరువంతా నీళ్ళే, ఎంత తీయాలో ఆ అంకె చూసే నిర్ణయిస్తారు. ఏ ప్రయత్నమూ చేయకుండా అరవై కిలోల మనిషి ఆరు నెలల్లో మూడు కిలోలు తగ్గితే, "భలే సన్నబడ్డావే" అని మెచ్చుకోకుండా షుగరు, థైరాయిడ్, క్షయ చూడమని పంపు. పసిపిల్లలకి అంగన్‌వాడీలో నెలనెలా తూకం తప్పనిసరి. గర్భిణులకీ అంతే. మామూలు బరువున్న ఆవిడ తొమ్మిది నెలల్లో పది పన్నెండు కిలోలు పెరగాలి. పెరుగుతున్నానని భయపడే అమ్మాయిలు ఇప్పుడు ఎక్కువయ్యారు, వాళ్ళని దగ్గర కూర్చోబెట్టుకుని చెప్పు.

ఇంకో రెండు సంగతులు ఎప్పుడూ గుర్తుంచుకో. పుణెకి చెందిన డాక్టర్ యాజ్ఞిక్, లండన్ డాక్టర్ యుడ్కిన్ ఇద్దరూ కలిసి తీయించుకున్న ఫోటో ఒకటి 2004లో లాన్సెట్ పత్రికలో వచ్చింది. ఎత్తుకి తగిన బరువు లెక్క, బీఎంఐ, ఇద్దరిదీ సరిగ్గా 22.3. ఒంట్లో కొవ్వు మాత్రం యుడ్కిన్‌కి నూటికి 9.1, యాజ్ఞిక్‌కి 21.2. మనవాళ్ళు సన్నగా కనపడుతూనే కడుపు చుట్టూ కొవ్వు దాచుకుంటారు. మిషన్‌కి అది తెలియదు, టేపుకి తెలుస్తుంది. మగవాళ్ళకి నడుము 90 సెంటీమీటర్లు, ఆడవాళ్ళకి 80 దాటకూడదన్నది మనకి పెట్టిన హద్దు. రెండోది చెన్నైలో డాక్టర్ రామచంద్రన్ బృందం చేసిన పని, 2006లో ఫలితాలు వచ్చాయి. షుగరు అంచున ఉన్న 531 మందిని తీసుకున్నారు. నడక, తిండి మార్చుకున్న వాళ్ళలో మూడేళ్ళలో షుగరు జబ్బు వచ్చే ముప్పు నూటికి 28.5 వంతులు తగ్గింది. అయితే వాళ్ళ బరువు పెద్దగా తగ్గనే లేదు! నెల రోజులు నడిచి, మిషన్ కదల్లేదని నీరసపడి వచ్చే పేషెంటుకి ఈ మాట చెప్తే ఆవిడ మళ్ళీ నడుస్తుంది. నేను చెప్పి చూశాను.

ఇక మనసు సంగతి.

బరువు చూడడం అంటే సిగ్గుపడాల్సిన పని అని మన పెద్దవాళ్ళు ఎరగరు. మేడారం జాతరలో ఎంతోమంది కాటా మీద కూర్చుని తమ బరువుకి సమంగా బెల్లం తూయించి, నిలువెత్తు బంగారం అని వనదేవతలకి సమర్పిస్తారు. అక్కడ ఏ ఆడమనిషీ తన అంకె చూసి తలదించుకోదు. పక్కవాళ్ళూ చెవులు కొరుక్కోరు. బిడ్డ బరువు పెరిగిందని అంగన్‌వాడీ టీచరు చెబితే తల్లి ముఖం వెలిగిపోతుంది. మరి అదే బిడ్డకి పద్నాలుగేళ్ళు వచ్చేసరికి ఏమవుతుంది? పెళ్ళిలో కనపడిన ప్రతి పెద్దమ్మా, ప్రతి పిన్నీ "ఏంటే, ఒళ్ళొచ్చిందే", "ఏంటే, అలా చిక్కిపోయావు" అంటూనే పలకరిస్తుంది. పెళ్ళిచూపులు అనగానే అన్నం పళ్ళెంలోంచి ఒక ముద్ద తీసేస్తారు. వాళ్ళు ప్రేమతోనే అంటారు, నాకు తెలుసు. పిల్ల మాత్రం ఆ రాత్రి అద్దం ముందు ఒంటరిగా నిలబడుతుంది. ఈ పలకరింపు మన ఇళ్ళల్లోంచి పోవాలని నేను మనస్ఫూర్తిగా కోరుకుంటున్నాను. మన ఇంట్లో నేనున్నంతవరకు ఎవరినీ అననివ్వను.

అమెరికాలోని మిన్నెసోటాలో బడిపిల్లల్ని ఏళ్ళ తరబడి గమనించిన ఒక పెద్ద అధ్యయనం ఉంది. తరచూ బరువు చూసుకునే ఆడపిల్లల్ని అయిదేళ్ళ తర్వాత చూస్తే, భోజనం మానేయడం లాంటి అలవాట్లు, ఆకలి తట్టుకోలేక ఒకేసారి అదుపు లేకుండా తినడం, మిగతా పిల్లల్లో కంటే వాళ్ళలో ఎక్కువగా కనపడ్డాయి. అందువల్లే ఇది జరిగిందని తెగేసి చెప్పలేం. కానీ యాభై ఏళ్ళ షుగరు పేషెంటుకి పనికొచ్చిన సలహా పంతొమ్మిదేళ్ళ పిల్లకి పనికిరాదని చెప్పడానికి నాకు ఇది చాలు.

రైల్వే ప్లాట్‌ఫాం మీద రంగురంగుల దీపాల మిషన్లు ఉండేవి, నువ్వు చిన్నప్పుడు చూసే ఉంటావు. రూపాయి బిళ్ళ వేస్తే అట్టముక్క పడేది. ఒకవైపు బరువు, ఇంకోవైపు జాతకం. ఆ రెండింటికీ సంబంధం లేదని పిల్లలకి కూడా తెలుసు. నువ్విప్పుడు 54.6 చూసి ఈ రోజు బాగుందని, 55.2 చూసి పాడైపోయిందని తేల్చుకుంటున్నావు. ఆ అట్టముక్కని రెండువైపులా నమ్ముతున్నావన్నమాట.

రేపు ఓపీలో కూర్చున్నప్పుడు నీ చేతిలో ఉండే పని ఒకటుంది. నేను పనిచేసిన చోట ఒకసారి, వరసలో నిలబడ్డ నలభైమంది ముందు ఒక అమ్మాయి బరువుని గట్టిగా అరిచి చెప్పారు. ఆ పిల్ల మళ్ళీ రాలేదు. తనకి షుగరు కొత్తగా బయటపడిన రోజులు అవి. నువ్వు అంకెని చూసి కాగితం మీద రాసుకో, పైకి చదవకు. "చూస్తారా, వద్దా?" అని ముందు అడుగు. వద్దంటే అంకె కనపడకుండా అటు తిరిగి ఎక్కమను. తగ్గితే శభాష్ అనకు, పెరిగితే నొసలు చిట్లించకు. నువ్వు శభాష్ అన్నావంటే, ఈసారి పెరిగినప్పుడు ఆవిడ నీ దగ్గరికి రావడానికి మొహమాటపడుతుంది. ఇన్సులిన్, స్టెరాయిడ్లు, కొన్ని మానసిక వైద్యం మందులు బరువు పెంచుతాయి. ఆ సంగతి మందు మొదలుపెట్టిన రోజే చెప్పాలి, లేకపోతే తన తిండే తప్పనుకుని కుమిలిపోతారు. చెప్పకుండా మందు మానేసేవాళ్ళూ ఉన్నారు.

ఇప్పుడు నీకు. నీ ఎత్తు 160 సెంటీమీటర్లు, బరువు 54 చిల్లర. బీఎంఐ 21 దాటి ఉంటుంది, లెక్క నువ్వే వేసుకోగలవు. మన దేశస్థులకి 23 దగ్గర హద్దు పెట్టారు. నీ ఒంట్లో తగ్గించాల్సింది ఏమీ లేదు, కాబట్టి ఆ మిషన్‌ని నువ్వు అడగాల్సిన ప్రశ్న కూడా ఏమీ లేదు. గదిలో మిగతా ముగ్గురికీ ఈ ఉత్తరం చదివి వినిపించు. ఒప్పుకుంటే మిషన్‌ని ఊరికి పంపేయండి, మీ నాన్నకి బీపీ ఉంది కదా, ఆయనకి పనికొస్తుంది. ఒప్పుకోకపోతే వాళ్ళలో ఒకరి బీరువాలో పెట్టించి తాళం వేయించు. ఏడాదికోసారి కాలేజీ హెల్త్ చెకప్‌లో చూస్తారు, నీకు అది చాలు.

మొదటి పది రోజులూ చెయ్యి అటే లాగుతుంది, కంగారుగా ఉంటుంది. ఉండనీ. ఆ కంగారుతోనే మెస్సుకి వెళ్ళి కూర్చుని అన్నం, పప్పు, కూర, పెరుగు తిను. ఆకలేస్తున్నా తినకుండా పడుకోకు. రెండు వారాలైనా భయం తగ్గకపోతే, ముద్ద దిగకపోయినా, తిన్నాక కక్కేయాలనిపించినా, అది నీ మొండితనం కాదు, వైద్యం ఉన్న బాధ. వెంటనే నాకు ఫోన్ చెయ్యి, ఎంత రాత్రయినా సరే. నాకు చెప్పడానికి మొహమాటమైతే టెలి మానస్ అని ప్రభుత్వం నడిపే ఫోన్ సాయం ఉంది, 14416కి చేస్తే తెలుగులోనే మాట్లాడతారు, డబ్బు అక్కర్లేదు.

జవాబు రాసేటప్పుడు ఈ రెండూ దాచకుండా రాయి. గడిచిన మూడు నెలల్లో నెలసరి సరిగ్గా వచ్చిందా? ఈ వారం ఎన్ని రాత్రులు భోజనం చేశావు?

ఆశీస్సులతో,
మీ అత్త